జీపును మించిన కార్బొరేటరు

మోటారుసైకిలు కార్బొరేటరు జీపు కార్బొరేటరు కన్నా ఎందుకు ప్రియం? ఈ దేశంలో ఇంతవరకు ఎవరూ అడగడానికి సాహసించని ఈ ప్రశ్నను మంత్రి సర్వేశ్వరరావుగారు చింతపల్లి డాక్ బంగళా మెట్ల మీద నిలబడి అడిగారు. జవాబు తేలేదాకా కంటి మీదకి కునుకు రానివ్వనన్నారు. అక్కడికక్కడే ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేశారు. జీపులో ఒక సీటు ఖాళీగా ఉందని, పత్రికా విలేకరినైన నన్ను కూడా ఎక్కించుకున్నారు.

అసలు గొడవ తెచ్చింది సుక్రు. కొండల మీది ఇరవై ఊళ్ళకి మలేరియా మాత్రలు మోసే చిన్న ఉద్యోగి. ఏజెన్సీ మొత్తానికి సర్కారువారి మోటారుసైకిలు అతనిదొక్కటే. దాని కార్బొరేటరు పోయింది. బజార్లో వరహాలు అనే అతని బండి సామాన్ల కొట్లో నూట నలభై రూపాయలన్నారు. జీపుదైతే అరవయ్యే. "చిన్న బండి సామాను పెద్ద బండి సామాను కన్నా ఎక్కువెలా అవుతుందయ్యా?" అని ఆఫీసరుగారు కాగితం తిప్పికొట్టారు. ఆ తెలివికి నేను రెండు చేతులా దణ్ణం పెట్టాను. మూడు వారాలుగా బండి కదల్లేదు. ఆ కాగితమే తిరిగి తిరిగి మంత్రిగారి చేతికొచ్చింది.

సుక్రు జీపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"బాబూ, బొడ్డమామిడిలో దేముడమ్మ గుంటకి జొరం తగ్గనేదు. బేగి మాత్రలు అందాల."

"నడిచి వెళ్ళలేవూ?" అన్నారు సంఘం అధ్యక్షులు కృష్ణమూర్తిగారు.

"నడిసే తిరుగుతన్నాను బాబూ. ఇరవై ఊళ్ళు. ఆళ్ళ వంతు వచ్చీసరికి..."

"విచారణ జరుగుతోందిగా! ఇంకేం కావాలి నీకు?" అని ఆయన చాలా నొచ్చుకున్నారు.

చలికి లోహాల ధర పెరుగుతుందేమో చూడడానికి సంఘం ముందుగా అరకు వెళ్ళింది. రెండు రోజులు కాఫీ తాగుతూ పరిశీలించాం. పెరగదని తేలింది. నాలుగో రోజుకి చూడ్డానికింకేమీ మిగలక వరహాలు కొట్టుకి వెళ్ళాం.

"ఇందులో ఏటుంది బాబూ!" అని వరహాలు తేలిగ్గా నవ్వేశాడు. "ఏజెన్సీలో సర్కారు జీపులు నలభై. రోజూ ఏదో ఓదాన్నించి ఏదో ఓటి ఊడొస్తాది. డ్రైవర్లు తెచ్చిస్తారు, మేం అమ్ముతాం, మళ్ళీ మీ ఆఫీసులే కొంటాయి. చవగ్గా ఉండదా మరి? మోటారుసైకిలు సామానంటే విశాఖపట్నంలో బిల్లు కట్టి తేవాల."

"ఆ బండి నుంచి ఏమీ ఊడి రావా?" అన్నారు అధ్యక్షులు.

"ఎలాగొస్తాయి? ఆ సుక్రు బండి పక్కనే మంచం ఏసుకు పడుకుంటాడు! ఒక్క నట్టు కూడా ఒగ్గడు."

కృష్ణమూర్తిగారు అదిరిపడ్డారు. "ఒక్క మనిషి మొండితనానికి మార్కెట్టంతా బలైపోయిందన్నమాట!"

నివేదిక నలభై పేజీలొచ్చింది. ధర పెరుగుదలకి బాధ్యుడు సుక్రు. బండిని వెంటనే ఆఫీసు షెడ్డులో, సిబ్బంది అందరికీ అందుబాటులో ఉంచాలి. మంత్రిగారు ఆ పూటే సంతకం పెట్టారు. సుక్రుకి మెమో ఇచ్చారు.

పదిహేను రోజుల్లో ధరలు దిగొచ్చాయి. చెయిను సగం ధర, పెట్రోలు టాంకు పావు ధర. పాడైపోయిన ఆ కార్బొరేటరు కూడా పాలిష్ పెట్టి పాతిక రూపాయలకే ఇస్తున్నారు. విజయోత్సవ సభ పెట్టి, క్షమాగుణం గల మంత్రిగారు సుక్రునే వేదిక ఎక్కించారు.

"కార్బొరేటరు పాతికే! ఇప్పుడు సంతోషమేనా?"

"బండేదీ బాబూ?"

"ధర గురించి మాట్లాడవోయ్!"

అంతలో జనాన్ని తోసుకుంటూ దేముడమ్మ వచ్చింది. వీపుకి కట్టుకున్న గుంట తల వాల్చేసి ఉంది. సుక్రు వేదిక మీంచి దూకేశాడు.

"ఎక్కణ్ణించి వచ్చావమ్మా?" అన్నారు మంత్రిగారు.

"బొడ్డమామిడి బాబూ. మాత్రల కోసం."

"నడిచేనా?"

"నడిసే."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. మైకు దగ్గరికి లాక్కున్నారు.

"చూశారా ఈ చైతన్యం! మందు కోసం ప్రజలే నడిచి వస్తున్నారు. ఇక ఈ ఏజెన్సీకి మోటారుసైకిలు అవసరమే లేదని ప్రకటిస్తున్నాను!"

చప్పట్లు మోగిపోయాయి. నేనూ కొట్టాను. సుక్రు ఒక్కడే కొట్టలేదు. నేల మీద కూర్చుని గుంట నోట్లో మాత్ర వేసి నీళ్ళు పోస్తున్నాడు. గుంట మింగడం లేదు.