నీళ్లబిళ్ళ తీర్పు

నాగేశ్వరరావు గారు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి తన వరండాలో పంచాయితీ మొదలుపెట్టాలి, అది తేలేదాకా కుర్చీలోంచి లేవకూడదు. అందుకని, వేసుకుంటే మాటిమాటికీ బాత్రూముకి లేపే నీళ్లబిళ్ళను మధ్యాహ్నానికి వాయిదా వెయ్యాలి.

గుండె బలహీనపడి నరసరావుపేట ఆసుపత్రిలో పదకొండు రోజులుండి వచ్చేసరికి, ఈపూరు పక్కనున్న వాళ్ల ఊళ్లో "పెద్దాయన పని అయిపోయింది" అనే మాట పుట్టింది. ముప్పై ఏళ్లుగా ఊరి తగువులు తీర్చిన మనిషిని ఆ మాట జబ్బుకంటే ఎక్కువ బాధపెట్టింది. తిరిగొచ్చాక ఇదే మొదటి పంచాయితీ. ఇది చెడితే ఇక ఆయన గడప తొక్కేవాడుండడు. పైగా ఆ ఊళ్లో ఒక కట్టుబాటుంది. పెద్దమనిషి మాటా పలుకూ లేకుండా మధ్యలో లేచాడంటే, మీ తగువు నా వల్ల కాదు, పోలీస్ స్టేషన్లో తేల్చుకోండి అని అర్థం.

నర్సు నజీమాకు ఈ రాజకీయాలేవీ పట్టవు. రోజూ ఎనిమిదింటికి స్కూటీ మీద వచ్చి బీపీ చూసి, బరువు తూచి, మందులు మింగించడం ఆమె ఉద్యోగం. ఆ రోజు బరువు నిన్నటికంటే కిలోన్నర పెరిగింది. చీలమండ మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. వెంటనే డాక్టరుకు ఫోన్ చేసింది.

"ఒంట్లో నీరు చేరింది బాబాయ్ గారూ. బిళ్ళ ఇప్పుడే వెయ్యమన్నారు."

"మధ్యాహ్నం వేసుకుంటాలే అమ్మాయ్."

"ఈలోపు ఆయాసమొస్తే మళ్లీ పేట ఆసుపత్రికే."

ఆయన భార్య వైపు తిరిగాడు. "ఏమే, నువ్వన్నా చెప్పు."

"చెప్తన్నాగా, మింగు," అంది బుల్లెమ్మ. "ఉప్పు మానమంటే నిన్న దొంగతనంగా ఆవకాయ తిన్నావే, అప్పుడు నన్నడిగావా?"

బిళ్ళ గొంతు దిగిందో లేదోనని నజీమా నాలుక కింద కూడా చూసింది. "ఈ మందులకి లేవగానే బీపీ పడిపోద్ది. గబుక్కున లేవమాకండి. లేచి, కుర్చీ పట్టుకుని, ఒక నిమిషం నిలబడి, కళ్లు తిరగట్లేదనుకున్నాక నడవండి." మళ్లీ బీపీ చూడాలని తనూ అక్కడే ఉండిపోయింది.

తొమ్మిదింటికి శౌరి, కృష్ణకుమారి వచ్చారు. ఇద్దరి పొలాలూ పక్కపక్కనే. డొంకదారిలో కొంత తన నేల కలిసిందంటూ, ఆమె ట్రాక్టరు తన పైరు తొక్కిందంటూ శౌరి దారికి అడ్డంగా ముళ్లకంచె వేశాడు. ట్రాక్టరు పోయే దారి లేక కృష్ణకుమారి మిరపకాయలు కల్లంలోనే ఉన్నాయి. ఆకాశంలో మబ్బు పట్టింది.

"సర్వేయర్ని పిలిపించు బాబాయ్. కాయితాలు నా దగ్గరున్నయ్," అని శౌరి గొంతు పెంచిన క్షణానే బిళ్ళ తన పని మొదలుపెట్టింది.

నాగేశ్వరరావు గారు మెల్లగా లేచాడు. కుర్చీ పట్టుకున్నాడు. కళ్లు తిరుగుతాయేమోనని శౌరి ముఖం మీదే చూపు నిలిపి, నిండా ఒక నిమిషం నిలబడ్డాడు. తర్వాత మాట్లాడకుండా లోపలికి పోయాడు.

శౌరి కృష్ణకుమారి వైపు తిరిగాడు. "ఏందక్కా ఇది, అప్పుడే స్టేషనంటాడా? ఎస్సై కంచె పీకించి నన్ను కూచోబెడతాడు."

స్టేషనుకు పోతే వాన ఎవరికోసం ఆగుతుందని కృష్ణకుమారికీ భయం పట్టుకుంది. పెద్దాయన తిరిగొచ్చేసరికి శౌరి కంచె సగం తీస్తానన్నాడు. ఆయన కూర్చోబోయి, మళ్లీ కుర్చీ పట్టుకున్నాడు. ఈసారి చూపు కృష్ణకుమారి మీద నిలిచింది.

"తొక్కిన పైరుకి నష్టం నేనిస్తా," అంది ఆమె, లోపలికి పోతున్న ఆయన వీపు వైపు చూస్తూ.

మూడోసారి లేచినప్పుడు కంచె మొత్తం పోయింది. నాలుగోసారికి, శౌరి కాయలు కూడా తన ట్రాక్టర్లోనే వేసుకుపోతానని కృష్ణకుమారి ఒప్పుకుంది. ఆయన తిరిగొచ్చేసరికి రాజీ కాగితం రాసి ఉంది. కృష్ణకుమారి సంతకం కూడా పెట్టేసింది.

ఆయన ముఖం వాడిపోయింది. నాలుగు మాటలైనా చెప్పకముందే వాళ్లే తేల్చుకున్నారు. ఊళ్లో అనుకున్నది నిజమే, తన పని అయిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను లేకండానే కానిచ్చారా?" అన్నాడు.

"నువ్వట్టా చూస్తా నిలబడితే కానీకండా ఎట్టుంటాం బాబాయ్? ముందెప్పుడూ నీకు ఇంత భయపళ్లా," అంటూ శౌరి పెన్ను తీశాడు.

సరిగ్గా అప్పుడే నజీమా రాసుకునే కాగితంతో వచ్చింది. "బాత్రూముకి ఎన్నిసార్లు పోయారు బాబాయ్ గారూ? నాలుగేనా? బిళ్ళ చానా బాగా పనిచేసింది."

శౌరి పెన్ను ఆగిపోయింది. "అంటే నువ్వు లేచింది ఇందుకా?"

"అందుకే," అన్నాడు పెద్దాయన. అబద్ధం ఆయనకు చేతకాదు.

"అయితే ఈ రాజీ చెల్లదు. నేను సంతకం పెట్టను. కంచె తియ్యను."

కృష్ణకుమారి మబ్బు వైపు చూసింది. నాగేశ్వరరావు గారు మెల్లగా లేచాడు. కుర్చీ పట్టుకున్నాడు. శౌరి ముఖం మీద చూపు నిలిపాడు. ఎందుకు లేచాడో శౌరికి ఇప్పుడు బాగా తెలుసు. అయినా నిమిషం గడిచేలోపే కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

"కూర్చో బాబాయ్, పెడతన్నాగా," అని గబగబా సంతకం గీకేశాడు.

పెద్దాయన కూర్చోలేదు. ఆగే పరిస్థితిలో లేడు. నజీమా తన కాగితంలో నాలుగు కొట్టేసి అయిదు వేసింది.