ముందు బల్లకి వెళ్ళిన పాలు

జూన్ నెలలో ఆ శనివారానికి ఆర్విడ్ టోలెఫ్సన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే పాలు పితకాలి, గడ్డం గీసుకోవాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. ఆ తరువాత చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా చూస్తుండగా వేదిక ఎక్కి, పెద్ద గ్లాసుడు పాలు గుక్క తిప్పుకోకుండా తాగి, మూతి తుడుచుకుని దిగిపోవాలి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో పాడిరైతుకి ఇంతకంటే తేలికైన పని మరొకటి ఉండదు. చిక్కల్లా ఒక్కటే. ఆర్విడ్‌కి పాలు పడవు.

యాభై దాటాక మొదలైంది ఈ బాధ. వెన్నకీ, పాతబడిన చీజ్‌కీ కడుపు కిక్కురుమనేది కాదు. పచ్చిగా అరగ్లాసు పాలు తాగాడా, లోపల డోలూ సన్నాయీ ఒకేసారి ఎత్తుకునేవి. అప్పటినుంచీ పొద్దున భార్య మార్డెల్ ఇచ్చిన పాలను పట్టుకుని "దూడని చూసొస్తా" అంటూ బయటికి వెళ్ళేవాడు. ఆ దూడలు బాగా బలిసేవి.

చెప్పుకోవచ్చు కదా అంటే, ఎవరికని చెప్పుకుంటాడు? పాడిరైతుల సంఘానికి తనే అధ్యక్షుడు. పిల్లని చూసుకోవడానికి వెళ్ళిన రోజున, మార్డెల్ తండ్రి ఎదుట కూజాడు పాలు ఎత్తిన చెయ్యి దించకుండా తాగితేనే పెళ్ళి ఖాయమైంది. ఏటా జూన్‌లో ఒక పాడిరైతు దొడ్లో ఊరందరికీ ఉదయపు విందు జరుగుతుంది. ఆ ఇంటి యజమాని మొదటి గ్లాసు తాగాకే పెనం మీదనుంచి పాన్‌కేకులు దిగుతాయి. ఈ ఏడు వంతు ఆర్విడ్‌ది. పాలు పడనివాళ్ళకని వేరే పాలు అమ్మే రోజులు ఆ పల్లెలకి ఇంకా రాలేదు.

అందుకని మేడిసన్‌లో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న మేనకోడలు కెర్స్టన్‌కి రహస్యంగా ఫోన్ చేశాడు. ఆమె శుక్రవారం పొద్దున్నే కారు వెనక సీట్లో, దుప్పట్లో చుట్టిన మోచెయ్యంత గాజు గొట్టంతో దిగింది. గొట్టం నిండా గసగసాలంత తెల్లటి పూసలు.

"పాలల్లో ఒక చక్కెర ఉంటుంది మామయ్యా. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ నీ కడుపులో తగ్గిపోయింది, అంతే. కడుపు చెయ్యాల్సిన పని బయటే చేయించేస్తే సరి" అంది, పాలగదిలో గొట్టాన్ని గోడకి బిగిస్తూ.

"అంటే పాలల్లో మందు కలుపుతావా?"

"కలపను. మా గొప్పంతా అక్కడే ఉంది. ఎంజైమ్‌ని ఈ గాజు పూసలకి అంటించేశాం. పాలు పైనించి పోస్తే పూసల సందుల్లోంచి దిగుతాయి, చక్కెర విరుగుతుంది. పాలు కిందికొచ్చేస్తాయి, ఎంజైమ్ గొట్టంలోనే ఉండిపోతుంది. ఎన్నిసార్లు పోసినా మళ్ళీ పనిచేస్తుంది."

"పాలతో పాటు జారిపోదూ?"

"గుంజకి కట్టేసిన గొడ్డు ఎక్కడికి పోతుంది మామయ్యా? మేత దాని మూతి దగ్గరికే వస్తోంది, మేస్తోంది."

ఆర్విడ్‌కి విషయం పూర్తిగా అర్థమైంది. కెర్స్టన్ ఇంకో మాట కూడా చెప్పింది గాని, సరిగ్గా అప్పుడే పాలు చల్లబరిచే యంత్రం మోత మొదలైంది. అతను వినబడినట్టే తలాడించాడు.

మీగడ తీసిన పాలు గొట్టంలోంచి బొట్టుబొట్టుగా దిగి, సాయంత్రానికి చిన్న క్యాను నిండింది. ఆర్విడ్ దాని మెడకి నీలం గుడ్డపీలిక కట్టి, మంచునీళ్ళ తొట్టిలో ఒక మూలకి దాచాడు. చాలా ఏళ్ళ తరువాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

తెల్లవారింది. ట్రాక్టర్ల షెడ్డు ఖాళీ చేసి బల్లలు వేశారు. ఎకార్డియన్ మోగుతోంది. సాసేజ్‌ల వాసనకి కుక్కలు కూడా క్రమశిక్షణగా వరసలో నిలబడ్డాయి. ముందు బల్ల దగ్గర పెద్దమనుషులు కూర్చున్నారు: పాస్టరుగారూ, ఆయన భార్యా, పాల ఇన్‌స్పెక్టరు లీరాయ్ ప్రిబిల్, పక్క పొలం వెర్లిన్ స్టాకే. ఆర్విడ్, వెర్లిన్ చిన్నప్పటినుంచీ స్నేహితులు. అంటే, ఒకడి గేదె జారిపడితే రెండోవాడు ముందు నవ్వి, తరువాత లేవదీస్తాడన్నమాట. ఆ ఊళ్ళో గేదెలు లేవు గనక ఆవు అనుకోండి.

ఆర్విడ్ నీలం పీలిక ఉన్న క్యానులోంచి గ్లాసు నింపుకుని వేదిక ఎక్కాడు. గ్లాసు పెదాల దాకా వచ్చింది. అప్పుడే మార్డెల్ కూజాలతో పక్కనుంచి వెళుతూ మెల్లగా అంది:

"ఏమండీ, ముందు బల్లకి పాలు తగ్గితే మీరు పీలిక కట్టి దాచిన క్యాను వాడేశాను. పెద్దవాళ్ళ కోసమేగా దాచారు! మళ్ళీ తాజా పాలు నింపి పెట్టాన్లెండి."

ఆర్విడ్ గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది. దొంగకి తేలు కుట్టినట్టయింది. చేతిలో ఉన్నవి మామూలు పాలు. ఎదురుగా మూడు వందలమంది. తాగితే విందు ముగిసేలోపు డోలూ సన్నాయీ.

"ముందు... ముందు అతిథులు తాగాలి!" అన్నాడు మైకులో. "మా ఇంటి మర్యాద!"

ఎప్పుడూ లేని మర్యాదకి జనం కాస్త ఆశ్చర్యపోయినా చప్పట్లు కొట్టారు. ముందు బల్లవాళ్ళు గ్లాసులు ఎత్తారు. వెర్లిన్ ఒక గుక్క తాగి, గ్లాసు దించి, దానికేసి చూశాడు.

"ఒరేయ్ ఆర్విడ్, ఇదేంట్రా పాలు తియ్యగా ఉన్నాయి?"

కెర్స్టన్ నిన్న యంత్రం మోతలో చెప్పిన మాట ఇదే. పాల చక్కెర రెండుగా విరిగితే, విరిగిన ముక్కలు అసలు దానికంటే తియ్యగా ఉంటాయి.

"మా ఆవులు మంచివి" అన్నాడు ఆర్విడ్.

"ఆవులు మంచివైతే పాలు చిక్కగా ఉంటాయి గాని పాకంలా ఉంటాయా? చక్కెర కలిపావు కదూ? పోయినేడు మా పాలకి బహుమతి వచ్చిందని కుళ్ళు!"

ఇన్‌స్పెక్టరు సాసేజ్ గుచ్చిన ఫోర్కు కింద పెట్టాడు. అతను విందుల్లో ఫోర్కు కింద పెట్టడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. గ్లాసు వాసన చూసి, చప్పరించి, "తియ్యగానే ఉన్నాయి" అన్నాడు. "పాలల్లో ఏదైనా కలిపితే నేను లైసెన్సు ఆపాల్సి ఉంటుంది ఆర్విడ్. విందులో ఉన్నానని ఊరుకోలేను."

వెనక బల్లలవాళ్ళు కూడా తమ పాలు తాగి చూశారు. తీపి లేదు. అక్కడో కొత్త గొడవ లేచింది.

"ముందు బల్లకి చక్కెర పాలూ, మాకు చప్పటి పాలా? మేం టిక్కెట్టు కొనలేదా?"

ఇక చూస్తూ ఊరుకోలేక కెర్స్టన్ బెంచీ ఎక్కింది. "ఎవరూ ఏమీ కలపలేదండీ! ఆ పాలు గాజు పూసల్లోంచి దిగాయి, అంతే!"

ఆమె అన్నది ఇంత. మూడో బల్ల దాకా చేరింది "గాజు" అన్న ముక్క మాత్రమే.

"పాలల్లో గాజుందట!"

ఎకార్డియన్ ఆగిపోయింది. తల్లులు పిల్లల నోళ్ళు తెరిచి వేళ్ళు పెట్టి వెతకసాగారు. వెర్లిన్ భార్య వెర్లిన్ నోరు తెరిపించింది. పాస్టరుగారు చేతిరుమాలు గ్లాసు మీద పరిచి పాలు వడకట్టారు. ఎవరో ఇంట్లోకి పరుగెత్తి ఫోన్ చేశారు. ఆ రోజుల్లో అక్కడ నాలుగిళ్ళకి కలిపి ఒకటే ఫోన్ లైను. ఒక ఇంట్లో చెప్పింది మిగతా మూడిళ్ళూ వింటాయి. టోలెఫ్సన్ దొడ్లో గాజు తిని నలుగురు పోయారని పక్క ఊళ్ళో అప్పటికే ఏడుస్తున్నారు. కాసేపటికి అగ్నిమాపక బండి గంట మోగించుకుంటూ వచ్చి, మంటలు ఎక్కడా కనపడక, పెనం పక్కన ఆగింది.

ఆర్విడ్ వేదిక మీద కుడితిలో పడ్డ ఎలుకలా నిలబడ్డాడు. చక్కెర కలిపానంటే లైసెన్సు పోతుంది. కలపలేదంటే గాజు సంగతి చెప్పాలి. గాజు సంగతి చెబితే కడుపు సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్ళ పాడి ఒక పక్క, ముప్పై ఏళ్ళ పరువు ఒక పక్క. కొట్టంలో ఒక ఆవు అరిచింది. అతనికి అది తనని పేరు పెట్టి పిలిచినట్టు వినిపించింది.

మైకు పట్టుకున్నాడు.

"నాకు పాలు పడవు."

నోరు తెరిచి ఉన్న పిల్లలు అలాగే ఉండిపోయారు.

"యాభై దాటినప్పటినుంచీ పడటం లేదు. తాగితే కడుపులో పెళ్ళి బాజాలే. ఈ రోజు మీ అందరి ముందూ తాగాలి గదా అని, మా మేనకోడలిచేత పాలని ఒక గొట్టంలోంచి పోయించాను. ఆ గొట్టంలో గాజు పూసలున్నాయి గాని పాలల్లో లేవు. అవి పొరపాటున మీ బల్లకి వచ్చాయి. అధ్యక్ష పదవికి రాజీనామా ఇస్తాను. లైసెన్సు సంగతి ఇన్‌స్పెక్టరుగారి ఇష్టం."

చెప్పేశాక ఒక విచిత్రం జరిగింది. భయం బదులు, బిగుతు చొక్కా గుండీ ఊడినట్టు హాయిగా అనిపించింది. భార్య వైపు చూడటానికి మాత్రం ధైర్యం చాల్లేదు. మార్డెల్ కూజా కింద పెట్టి వేదిక దగ్గరికి వచ్చింది.

"అయితే దూడల్ని చూడటానికి అందుకే వెళ్ళేవారా?"

"ఊఁ."

"రోజూ?"

"ఊఁ."

"నేనింకా పాలు పితకడానికి వస్తుంది గదా, ఆ డోరిస్, దాంతో మాట్లాడటానికి వెళుతున్నారనుకుని ఎన్నేళ్ళు కుళ్ళిపోయాను!" అంది మార్డెల్. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "పాలు చూసి చేసుకున్నది మా నాన్న. నేను కాదు."

ఇన్‌స్పెక్టరుకి మాత్రం రుజువు కావాలి. అందరూ పాలగదికి నడిచారు. పట్టినంతమంది లోపల నిలబడ్డారు, మిగతావాళ్ళు కిటికీల్లోంచి తొంగిచూశారు. కెర్స్టన్ క్యానులోంచి మామూలు పాలు తీసి ఇన్‌స్పెక్టరుకి రుచి చూపించింది. అవే పాలను ఆయన ఎదుటే గొట్టంలో పోసింది. బొట్లు దిగాయి. ఆయన రుచి చూశాడు. వడకట్టే గుడ్డలో పోయించి, గుడ్డని వెలుతురుకి పట్టి చూశాడు. ఒక్క పూస లేదు. మళ్ళీ రుచి చూశాడు. అవసరానికి మించే చూశాడు.

"ఏమీ కలపలేదు" అని తీర్పు చెప్పాడు. "ఉన్న చక్కెరే ఇది. విందు పాలు గనక, అమ్మకపు పాలు కావు గనక, నేను రాసుకోవాల్సిందేమీ లేదు. కాకపోతే ఇంకోసారి అతిథులకి ముందే చెప్పు."

ఆర్విడ్ పాలతొట్టి అంచు మీద కూలబడ్డాడు.

అప్పుడు మొదలైంది అసలు సంగతి. పాస్టరుగారి భార్య కడుపు మీద చెయ్యి పెట్టుకుని, ఏదో వింటున్నట్టు తల వంచింది.

"ఏమండీ, నేను రెండు గ్లాసులు తాగాను. ఏమీ కాలేదు."

"ఏమవ్వాలి?" అన్నారు పాస్టరుగారు.

"ఆదివారం ప్రార్థనలో సగంలో నేను లేచి వెళ్ళిపోయేది భక్తి లేక కాదండీ" అంది ఆమె మెల్లగా.

కిటికీ బయట ఒక ముసలాయన దగ్గాడు. తనకీ అంతేనన్నాడు. పోయినేడు పాలరాణి కిరీటం గెలిచిన పిల్ల తల్లి, తన కూతురికీ అంతేనని చెప్పబోయి, కూతురు గిల్లడంతో ఆగింది. వెర్లిన్ బూట్లు చూసుకుంటూ ముందుకొచ్చాడు.

"ఒరేయ్ ఆర్విడ్" అన్నాడు, "నీకు దూడలున్నాయి. నేను కుండీల్లో పోస్తున్నాను. మా ఇంట్లో పువ్వులు ఎందుకు బతకవో మా ఆవిడకి ఇప్పటికీ తెలీదు."

"ఇప్పుడు తెలిసింది" అంది అతని భార్య వెనకనుంచి.

ఆర్విడ్ రాజీనామాని ఎవరూ ఒప్పుకోలేదు. పైగా రాబోయే ఏడు కూడా అతనే ఉండాలని, ఆ గొట్టం కాస్త పెద్దది తెప్పించాలని అక్కడికక్కడే తీర్మానించారు. పాన్‌కేకులు మాడిపోతున్నాయని అగ్నిమాపకంవాళ్ళు కేకవేసేదాకా మాటలు ఆగలేదు. వాళ్ళు అప్పటికే పెనం తమ చేతుల్లోకి తీసుకుని ఉన్నారు.

జనం పలచబడ్డాక ఇన్‌స్పెక్టరు ప్రిబిల్ ఆర్విడ్‌ని పాలగది వెనక్కి రమ్మని సైగ చేశాడు. ముఖం గంభీరంగా ఉంది.

"అధికారిగా కాదు, మనిషిగా అడుగుతున్నాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు, అటూ ఇటూ చూస్తూ. "నా పని పొద్దస్తమానం పాలు రుచి చూడటం. నా అవస్థ ఊహించుకో. ఆ గొట్టంలోంచి దిగిన పాలు ఇంకేమైనా మిగిలాయా?"

మిగిలినవి సీసాలో పోసి అతనికి ఇచ్చేశాడు ఆర్విడ్. కెర్స్టన్ నవ్వుతూ మళ్ళీ గొట్టం నింపింది.

సాయంత్రం మార్డెల్, కెర్స్టన్ చెరో పక్కా కూర్చుని చూస్తుండగా, ఆర్విడ్ వరండా మెట్ల మీద ఆ పాలు గ్లాసు నిండా పోసుకుని, ఎవరికీ దాచకుండా, తొందర లేకుండా చివరిదాకా తాగాడు. గంట గడిచినా కడుపు పలకలేదు.

తనకి పాలంటే అసలు ఇష్టమే లేదని అప్పుడు తెలిసిందతనికి.