జహీర్ సాకెట్టులోంచి సాగిన దానధర్మం

అయ్యలారా, అమ్మలారా! జనరేటర్ ఉన్నవాళ్ళు ఛేంజోవర్ స్విచ్ పెట్టించుకోవాలని ఎవరైనా చెబితే నమ్మకండి. ఊరి కరెంటునూ ఇంటి జనరేటర్‌నూ కలవనివ్వకుండా అడ్డుపడే ఆ డబ్బా, దానధర్మాలకు పరమ శత్రువు.

కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్నారు పెద్దలు. వింటున్నదెవరు? అన్నదానం చేసినవాడు మైకులో పేరు చదివించుకుంటాడు. బడికి ఫ్యానిచ్చినవాడు రెక్కల మీద పేరు రాయించుకుంటాడు. ఎవరికిస్తున్నాడో తనకే తెలియని దాత ఈ కాలంలో ఉన్నాడా? ఆళ్లగడ్డలో ఉన్నాడు! పేరు జహీర్. పెళ్ళిళ్ళకూ ఉరుసులకూ లైట్ సెట్టింగులు వేస్తాడు.

ఆ రోజు జహీర్ కూతురు ఆర్షియా నిశ్చితార్థం. నంద్యాల నుంచి మగపెళ్ళివాళ్ళు బయల్దేరారు. ఇంతలో గాలీవానా ఒక్కటై కొట్టి, వీధి చివర తీగ తెగి, కరెంటు పోయింది. లైట్ల జహీర్ ఇంట్లో చీకటా! వియ్యంకుడు తడుముకుంటూ గుమ్మం దాటాలా! జహీర్‌కు తల కొట్టేసినట్టయింది. ఊరేగింపుల జనరేటర్‌ను బండి మీంచి దింపించాడు. పొగ ఇంట్లోకి రాకూడదని వాకిట్లో దూరంగా పెట్టించాడు. అంత జాగ్రత్తపరుడు! తర్వాత రెండు కొసలా పిన్నులున్న వైరు తెచ్చి, ఒక కొస జనరేటర్‌లో, రెండో కొస హాల్లోని సాకెట్టులో గుచ్చాడు.

ముందు మెయిన్ ఆపమని భార్య ఇమాంబీ చెబుతూనే ఉంది.

“మెయిన్ ఆపితే కరెంటొచ్చేది మనకెట్ల తెలుస్తాది?” అన్నాడు జహీర్.

చూశారా బుర్ర! మన ఇళ్ళల్లో మెయిన్ ఆపకపోవడానికి కారణం ఇదే కదా? వచ్చే కరెంటుకు తలుపేసేస్తే అది నొచ్చుకొని వెనక్కు పోదూ? అయితే వచ్చేదాని కోసం తెరిచిన తలుపులోంచి పోయేది కూడా పోతుంది. జహీర్ కరెంటు మీటరు దాటి, సర్వీసు వైరెక్కి వీధిలో పడింది. ఎదురింట్లో బల్బు ఎర్రగా వెలిగింది. పక్కింట్లో మిక్సీ మూలిగితే, సగం చట్నీతో కూర్చున్న కోడలు దేవుడికి దండం పెట్టుకుంది. కులమతాల తేడా లేకుండా ప్రతి ఇంటికీ ఇంత వెలుగు అందింది!

స్తంభం మీదికి కూడా అందింది. అక్కడ లైన్‌మన్ సురేంద్ర ఉన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు తానే తీసి, ఆ ధైర్యంతో ఎక్కాడు. తీగకు చెయ్యి చాచబోతుంటే జేబులో ఫోను మోగింది. ఎదురింటి సారమ్మ.

“సురేంద్రా, కరెంటిచ్చినావు సరే, ఫ్యాను తిరగల్యా. ఓల్టేజీ సూడు నాయనా.”

“నేనింగా ఇయ్యల్యా గదమ్మా,” అన్నాడు సురేంద్ర. ఆ మాట తన చెవినే పడ్డాక చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

వాకిట్లో అలికిడైతే మగపెళ్ళివాళ్ళే అనుకొని జహీర్ అత్తరుబుడ్డితో ఎదురెళ్ళాడు. జనరేటర్ మోతను బట్టి వచ్చిన సురేంద్ర తడిసి ముద్దయి నిలబడి ఉన్నాడు. అతను తిట్టలేదు. సాకెట్టు వైపు చూశాడు.

“అన్నా, నేను స్తంభం మీదుంటి. నీ కరెంటు నా కాడికొచ్చింది.”

జహీర్‌కు అర్థమైంది. కూతురి నిశ్చితార్థం నాడు ఒక మనిషిని చంపబోయాడు. పరుగున వెళ్ళి జనరేటర్ ఆపి, సాకెట్టులోని వైరు పీకేశాడు. మెయిన్ దింపాడు. తన సీరియల్ లైట్లను నేరుగా జనరేటర్‌కే తగిలించి, వాకిలి నుంచి వంటింటి దాకా వేలాడదీశాడు. ఎంతసేపు పట్టింది? అది అతను రోజూ చేసే పనే కదా!

ఇల్లు ధగధగలాడింది. వీధి మళ్ళీ చీకటైంది. అప్పుడే మగపెళ్ళివాళ్ళ కారొచ్చి ఆగింది.

ఇక్కడే అసలు ఘోరం జరిగింది, చదువరులారా. అంతటి దాత పేరు మంటగలిసిపోయింది.

“పెండ్లికొడుకోళ్ళు రాంగానే మనకు పీకేసినాడు. ఒక్కడే పెట్టుకున్యాడు సూడు,” అంది సారమ్మ. వీధి వీధంతా ఔనంది. ఆ మాట వియ్యంకుడి దాకా పాకింది. పిసినారి సంబంధమేమోనని ఆయన తన భార్య చెవిలో గొణిగాడు. జహీర్ అది విన్నాడు. వడ్డన వదిలేసి గుమ్మంలోకి వచ్చి, స్తంభం వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ పిసినారితనం పుణ్యమా అని, చీకట్లో సురేంద్ర రెండు చేతులతో తీగ పట్టుకున్నాడు. ఏమీ కాలేదు.