ఎదుటి పార్టీ ఓటర్లకు పడవలో చోటిస్తారా?

ఎన్నికలొస్తే ఊరు నిలువునా చీలాలి. అన్నదమ్ములు పలకరించుకోకూడదు. టీకొట్టు దగ్గర బెంచీలు కూడా విడివిడిగా వేయాలి. ప్రజాస్వామ్యం వర్ధిల్లేది అలాగే!

కాదనేవాళ్ళున్నారు. ఎవరి ఓటు వాళ్ళదండీ, సర్దుకుపోదామండీ అంటుంటారు. ఈ మెతక మనుషుల వల్ల దేశానికెంత ముప్పో మా లంకని చూస్తే తెలుస్తుంది.

మాది యానాం దగ్గర గోదావరి నడుమ ఉన్న లంక. పోలింగ్ బూత్ ఏటికి అవతల. తొంభై తొమ్మిది ఎన్నికల్లో రెండు పార్టీలూ ఓటర్ల కోసం చెరో పడవ పెట్టాయి. ఎంత చక్కటి ఏర్పాటు! చెరో జెండా, చెరో మైకు, చెరో పులిహోర. రెండు పడవల్లోనూ పంచింది ఒకే యానాం మందన్నది వేరే సంగతి.

నేనెక్కిన పడవ బుల్లియ్యది. ఆయన భార్య లోవమ్మ ఊరంతా తిరిగి చేపలమ్ముతుంది కనుక ఆవిడకి తెలియని ఇల్లు లేదు. మా పార్టీ ఏజెంటు చంద్రరావు గారు ముందు కూర్చుని నినాదాలు చెప్పిస్తున్నారు.

ఏటి మధ్యకొచ్చేసరికి ఎదుటి పార్టీ పడవ ఇసుక మేట ఎక్కి కూర్చుంది. ఆటుకి నీళ్ళు తీసేస్తున్నాయి. ఎంత తోసినా కదలడం లేదు. పోలింగ్ ముగిసే వేళవుతోంది. ఇంతకంటే శుభవార్త ఉంటుందా? చంద్రరావు గారి మొహం వెలిగిపోయింది.

“ఆగకు బుల్లియ్యా, పోనీ. వాళ్ళక్కడే ఉంటే గెలుపు మనదే.”

బుల్లియ్య గెడ వెయ్యడం ఆపి, పడవలోనే ఉన్న భార్యవైపు చూశాడు.

“వాళ్ళు ఓటెయ్యకుండా మనం గెలిస్తే అది గెలుపెలాగవుద్దండి?” అంది లోవమ్మ.

“ఎక్కించుకుంటే మనకి వేస్తారేంటి?” అన్నారు చంద్రరావు గారు.

“మనకెందుకేత్తారండి. ఆళ్ళకి నచ్చినోడికి ఏసుకుంటారు. పడవ తిప్పవయ్యా.”

తిప్పేశాడు! మా పులిహోర తిని, మా జెండా కట్టిన పడవని!

శత్రువులు మోకాల్లోతు నీళ్ళలో నడిచొచ్చి ఎక్కారు. వాళ్ళలో నడవలేని ముసలావిడ రామతులసమ్మని ఎత్తి ఎక్కించింది ఎవరనుకున్నారు? మా పార్టీ బ్యాడ్జి పెట్టుకున్న పోతురాజు.

“ఈసారి మీవాడు ఓడిపోతాడ్రా అబ్బాయ్,” అందావిడ ఎక్కగానే.

“చూద్దాంలే మామ్మా, ముందు జాగర్తగా కూర్చో,” అని వాడు పక్కకి జరిగాడు. ఇదేనా పార్టీ క్రమశిక్షణ?

గట్టు చేరేదాకా వాదనే వాదన. రొయ్యల చెరువుల దగ్గర మొదలై ఢిల్లీదాకా వెళ్ళింది. ఆ పులిహోర వీళ్ళు, ఈ పులిహోర వాళ్ళు తిని, ఉప్పెక్కువైందని పార్టీలని తిట్టుకున్నారు. చంద్రరావు గారు నినాదం ఎత్తుకుంటే సగం మంది జై అన్నారు, సగం మంది నవ్వారు. పడవ ఒరుగుతోందని బుల్లియ్య కసిరితే రెండు పార్టీలూ కలిసి ఆయన్నే సరిగ్గా మధ్యలోకి లాగి నిలబెట్టాయి.

బూత్ మూసేలోగా అందరూ క్యూలో నిలబడ్డారు. లెక్కింపులో మా అభ్యర్థి వెంట్రుకవాసిలో ఓడిపోయాడు. చంద్రరావు గారు లోవమ్మ ఇంటికెళ్ళి నిలదీశారు.

“నీ మంచితనం ఎంత పని చేసిందో చూశావా?”

“బాధగానే ఉందండి. ఐదేళ్ళాగి మళ్ళీ ఏద్దారండి,” అని ఆవిడ చేపలబుట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

ఇంత మెతకతనంతో దేశం ఏమైపోవాలి?

గెలిచినాయన మాత్రం గట్టివాడు. ఏడాది తిరక్కుండానే, ఓటేసినవాళ్ళని ఒక్క మాటైనా అడక్కుండా, మా పార్టీలో చేరిపోయాడు. నియోజకవర్గం అభివృద్ధి కోసమట. దండ వేసింది చంద్రరావు గారే. మా వీధిలో టపాసులు కాల్చారు. చివరికి గెలుపు మనదేగా!

ఆ సాయంత్రం రామతులసమ్మ కర్ర పొడుచుకుంటూ లోవమ్మ గుమ్మంలోకొచ్చింది.

“మరి నేనేసిన ఓటు ఏమైనట్టే లోవమ్మా?”

ఓడినప్పుడు తడుముకోకుండా జవాబు చెప్పిన లోవమ్మ, తన పార్టీ గెలిచిన ఆ రోజున ఆవిడకి పీట వేసి పక్కనే కూర్చుండిపోయింది.