గాజు గదిలో ఇల్లాలు

ఆ ఉదయం ఆకాశం కురవాలా వద్దా తేల్చుకోలేక ముఖం మాడ్చుకుని కూర్చుంది. దర్శకుడు మాత్రం తేల్చేసుకున్నాడు. ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లను టీవీల ముందు కట్టిపడేసిన ఆలుమగల ఆటను ఇవాళ బతికించి తీరాలి. ఇంతకుముందు రెండు పాత ఆటలను బతికించబోయి నిండా ముంచాడు. "ఇదీ పోతే ఇంటికి పోవడమే" అని ఛానెల్ ఓనరు ముందే చెప్పేశాడు.

ఆట సులువే. భార్య గాజు గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని పాట వింటుంది. బయట భర్త ఆమె గురించి అడిగినవాటికి జవాబులు చెబుతాడు. తర్వాత ఆమె వచ్చి అవే చెబితే గెలుపు.

తీరా రికార్డింగు వేళకు జంట రాలేదు. ఇంట్లో సాధన చేస్తూ తగువుపడ్డారట. విడివిడిగా ఫోన్లు చేసి రాలేమన్నారు. ఆ ఒక్క జవాబూ ఇద్దరిదీ కలిసింది.

ముందు వరసలో ఓనరు గడియారం చూసుకుంటున్నాడు. తను ఇంట్లో మరిచిపోయిన కళ్లజోడు ఇద్దామని వచ్చిన తన భార్యను దర్శకుడు చెయ్యి పట్టుకుని గాజు గదిలో కూర్చోబెట్టాడు. భర్త కుర్చీలో తనే కూర్చోబోయాడు.

"నాకేం తెలుసండీ ఇవన్నీ?"

"తెలియక్కర్లేదు. పాట వింటూ కూర్చో."

వ్యాఖ్యాత మొదలుపెట్టింది. "మీ ఆవిడ దేనిలో దిట్ట?"

"నిద్రలో."

ఓనరు పెదవి కదిలింది. దర్శకుడికి ప్రాణం లేచివచ్చింది.

"ఇంట్లో మీకు పండగలాంటి రోజు?"

"ఆవిడ వంటగదిలోకి వెళ్లని రోజు."

ఓనరు పకపకా నవ్వాడు. ఇక దర్శకుడికి పట్టపగ్గాల్లేవు. మామగారి గురక, అత్తగారి నోరు, బావమరిది పాటకచేరీ అన్నీ వీధిన పెట్టాడు. గాజు వెనక భార్య రెప్ప వేయకుండా చూస్తోంది. పాటలో లీనమైందనుకున్నాడు.

ఆమె బయటికొచ్చింది. "నిద్రలో" అంది. "నేను వంటగదిలోకి వెళ్లని రోజు" అంది. అక్షరం పొల్లుపోలేదు. జనం చప్పట్లు కొడుతుంటే దర్శకుడికి అరికాళ్లలో చెమట పట్టింది. హెడ్‌ఫోన్లలో పాట పెట్టాల్సిన సౌండు ఇంజనీరు, అందరూ సౌండు మామ అని పిలిచే పెద్దాయన వైపు తిరిగాడు.

"పాట హక్కులు కొనద్దన్నారుగా" అన్నాడు సౌండు మామ తాపీగా. "చెవులు ఖాళీగా ఎందుకని స్టేజీ మైకు కలిపాను."

"ఇక నా వంతు" అని భార్య మైకు లాక్కుంది. ఆయన జుట్టు రంగు, ఆటలు పోయినప్పుడల్లా దుప్పటి ముసుగులో ఏడవడం, ఓనరుకు పెట్టిన ముద్దుపేరు దాకా దులిపేసింది.

"ఏం పేరమ్మా?" అన్నాడు ఓనరు.

"పిసినారి పీత."

ఓనరు లేచాడు. దర్శకుడు కళ్లు మూసుకున్నాడు.

"ఆట పీకేయండి. వారం వారం వీళ్లిద్దరి తగువే చూపించండి. సెట్టు ఖర్చు కూడా మిగులుతుంది."

మధ్యాహ్నం క్యాంటీనులో మొగుడూ పెళ్లాం ఎదురెదురుగా కూర్చుని కిక్కురుమనకుండా తిన్నారు. కెమెరా లేనిచోట తగువుపడితే జీతంలో కోత అని ఓనరు రాయించిన కొత్త ఒప్పందంలో ఉంది.