ఎం.టెక్. క్లాసుకు మనిషి వచ్చింది

తాడేపల్లిగూడెం నుంచి పెంటపాడు వెళ్ళే దారిలో ఉన్న మా ఇంజినీరింగ్ కాలేజీలో, కంప్యూటర్ సైన్స్ ఎం.టెక్. విద్యార్థిని ఒకరు తరగతికి హాజరయ్యారని తెలియజేయడానికి చింతిస్తున్నాము. కాలేజీ పెట్టినప్పటి నుంచి ఇటువంటి అవాంఛనీయ సంఘటన జరగడం ఇదే మొదలు. అడ్మిషన్ల విభాగం ఇన్‌ఛార్జిగా, జరిగింది జరిగినట్టు తల్లిదండ్రులకు చెప్పుకోవడం నా బాధ్యత.

ముందు మా పద్ధతి మీకు తెలియాలి. మా ఎం.టెక్. విద్యార్థులు చాలా బుద్ధిమంతులు. చేరేరోజు వస్తారు, పరీక్షలకు వస్తారు, పట్టాకు వస్తారు. మధ్యలో వచ్చి ఎవరినీ ఇబ్బంది పెట్టరు. సగంమంది మా దగ్గరే బి.టెక్. పిల్లలకు పాఠాలు చెబుతుంటారు. మిగతావాళ్ళు బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటుంటారు. వీళ్ళకు చెప్పవలసిన ప్రొఫెసర్లు కూడా అంతే మర్యాదస్తులు. ఇన్‌స్పెక్షన్ రోజున తప్ప ఎవరి కంటా పడరు. ఒకరికొకరు ఎదురుపడకపోవడం వల్ల ఇన్నేళ్ళలో మా గురుశిష్యుల మధ్య ఒక్క మాట తేడా రాలేదు. ఇంతటి సామరస్యం ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్ళి చూసొస్తాం.

ఇంత ప్రశాంతంగా ఉన్నచోటికి సింధూరి వచ్చింది. కైకలూరు దగ్గర చేపల చెరువు చేసే సుబ్బయ్యగారి అమ్మాయి. పొద్దున్నే బస్సెక్కి, కొల్లేరు దాటి ఏలూరు చేరి, అక్కడ రైలెక్కి గూడెంలో దిగి, ఆటోలో వచ్చి, "ఎం.టెక్. ఫస్టియర్ క్లాసు ఎక్కడండీ?" అని అడిగింది. వాచ్‌మన్ చాలాసేపు ఆలోచించి ఆమెను ఫీజుల కౌంటరుకు పంపాడు. కౌంటరువాళ్ళు క్యాంటీనుకు పంపారు. క్యాంటీనువాళ్ళు మనసున్నవాళ్ళు కాబట్టి కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టారు.

కబురు తెలిసి విభాగాధిపతి ఫణీంద్రగారు పరుగున వచ్చారు.

"ఏమ్మా, ఇంట్లో అంతా బాగానే ఉన్నారా? ఏదైనా సర్టిఫికెట్ కావాలా?"

"లేదండి. పాఠం వినాలండి."

ఫణీంద్రగారు కుర్చీలో కూలబడ్డారు. సింధూరి తన సంగతి చెప్పింది. బి.టెక్.లో ఒక ప్రోగ్రాం రాసుకుందట. చెరువులో ఆక్సిజన్ పడిపోయే ముందు ఫోను మోగాలి. "మోగుతుందండి సార్. కాకపోతే ఊరికే మోగేస్తుంది. మాటిమాటికీ లేచి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు వేసి వేసి, విసుగొచ్చి నాన్నగారు ఫోను కట్టేశారండి. ఆ తెల్లారే నిజంగా పడిపోయింది. చెరువంతా చేపలు తేలిపోయాయండి. నా ప్రోగ్రాం ఎక్కడ తప్పుతోందో తెలుసుకోవాలండి. అందుకే చేరాను."

చదువుకుని తెలుసుకోవాలని చేరిన మనిషిని ఏ విభాగంలో పెట్టాలో మా దరఖాస్తులో గడి లేదు.

తాత్కాలికంగా ఆమెను కృత్రిమ మేధ ప్రయోగశాలలో కూర్చోబెట్టాలని నిర్ణయించాం. అటెండరు రత్నమాణిక్యం తాళం తీసింది. లోపల ఏసీ ఆడుతూనే ఉంది. మా ఛైర్మన్‌గారికి కొల్లేటి అంచున రొయ్యల చెరువులున్నాయి. ఆ చెరువులకు వేసే మందులు చల్లగా ఉండాలి. అందుకని బస్తాలన్నీ ప్రయోగశాలలోనే భద్రపరిచారు. కంప్యూటర్లు వాటి కిందెక్కడో క్షేమంగా ఉన్నాయి. "ఈ మూట కాస్త జరుపుకుంటే కుర్చీ కనపడుద్దండమ్మా" అంది రత్నమాణిక్యం.

ప్రిన్సిపాల్ భాస్కరరావుగారు అత్యవసర సమావేశం పెట్టి గంభీరంగా ప్రసంగించారు. "మిత్రులారా! ఇవాళ ఒకరు వచ్చారు. ఉపేక్షిస్తే రేపు ఇద్దరు వస్తారు. ఇద్దరు వస్తే ప్రశ్నలు వస్తాయి. ప్రశ్నలు వస్తే జవాబులు ఎక్కడి నుంచి తేవాలి? ఇది కేవలం ఒక అమ్మాయి హాజరు సమస్య కాదు, ఒక మహాసంస్థ భవిష్యత్తు!" చప్పట్లు మోగాయి. ఆ రోజు నుంచి ఫణీంద్రగారు వెనక మెట్లమీదుగా రాకపోకలు సాగించారు. సింధూరి మాత్రం బస్తాలు జరుపుకుని, బోర్డు మీద తనే రాసుకుని, తనే తుడుచుకుంటూ వచ్చింది.

అంతలో ఇన్‌స్పెక్షన్ కమిటీ రానే వచ్చింది. ఆ రోజు మా కాలేజీ చూడముచ్చటగా ఉంటుంది. బస్తాలు హాస్టలుకు తరలుతాయి. బి.టెక్. లెక్చరర్లు మెడలో విద్యార్థి కార్డులు వేసుకుని బెంచీల మీద ఒద్దికగా కూర్చుంటారు. ఎక్కడెక్కడి ప్రొఫెసర్లో కోట్లు తొడుక్కుని దిగుతారు. కమిటీవారు ప్రాజెక్టులు అడిగారు. అన్నీ హైదరాబాదులో ఒకే షాపులో కొన్నవి కాబట్టి ఎక్కడా తేడా రాలేదు. కొల్లేటి గట్టున పుట్టి పెరిగిన మావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి, యాపిల్ ఆకులకు పట్టే తెగుళ్ళను కంప్యూటరు ఎలా పసిగడుతుందో అప్పజెప్పారు. ఖచ్చితత్వం ఎంత అంటే అందరిదీ తొంభై ఎనిమిది శాతమే. కమిటీవారు సంతోషంగా తలలూపారు.

అప్పుడు సింధూరి వంతు వచ్చింది. "నాది సరిగ్గా పనిచేయడం లేదండి" అంది లేచి. "మబ్బుపట్టిన రోజుల కొలతలు నా దగ్గర తక్కువున్నాయండి. అందుకే అది ఎండరోజులకూ మబ్బురోజులకూ తేడా తెలియక భయపడిపోతోందనుకుంటున్నాను. కానీ అదేనా కారణం అని ఎలా తేల్చుకోవాలో తెలియట్లేదండి. మీరేమైనా చెప్తారా?"

కమిటీ పెద్దాయన కళ్ళజోడు తీసి ప్రిన్సిపాల్‌గారి వంక తీవ్రంగా చూశారు. "ఏమండీ, మమ్మల్ని అంత అమాయకులనుకున్నారా? మేం ఎన్ని కాలేజీలు చూడలేదు! ఎం.టెక్. విద్యార్థులు ఇలా మాట్లాడరు. ఈ అమ్మాయిని బయటి నుంచి తెచ్చి కూర్చోబెట్టారు!"

సింధూరి తన కార్డు చూపించింది. నకిలీవాళ్ళ కార్డులే ఇంత సరిగ్గా ఉంటాయన్నారు. రోజూ వస్తున్నానని చెప్పింది. రోజూ రావడమే అనుమానంగా ఉందన్నారు. పోనీ తోటి విద్యార్థుల చేత చెప్పించమన్నారు. వాళ్ళలో ఒక్కరూ ఆమెను క్లాసులో చూసిన పాపాన పోలేదు. వాళ్ళు నిజాయితీగా ఆ మాటే చెప్పారు. "వచ్చేదండీ పాపం, వానైనా వరదైనా" అని రత్నమాణిక్యం ముందుకొచ్చింది కానీ, అటెండరు మాట హాజరు కిందికి రాదు. మొత్తమ్మీద బెంచీల మీద ఉన్న లెక్చరర్లంతా అసలు విద్యార్థులుగానూ, ఉన్న ఒక్క విద్యార్థిని నకిలీగానూ తేలారు. సింధూరి సీటు రద్దయింది.

ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు చూసి నాకు నిజంగానే జాలేసింది. ఒక చెరువు చేపల కోసం అంత దూరం నుంచి వచ్చిన పిల్ల. ప్రిన్సిపాల్‌గారికీ జాలేసింది. ఆయన జాలి ఎప్పుడూ సంస్థకు ఉపయోగపడేలాగే ఉంటుంది. పాఠం చెప్పేవాళ్ళు తక్కువున్నారని కమిటీవారు పోతూ పోతూ రాశారు కనుక, సింధూరిని అక్కడికక్కడే ఎం.టెక్.కు లెక్చరరుగా నియమించారు.

"నాకు చెప్పేవాళ్ళు కావాలండి సార్. చెప్పడానికి రాలేదండి నేను."

"మన లెక్చరర్లంతా చేరేటప్పుడు ఈ మాటే అన్నారమ్మా" అన్నారు ప్రిన్సిపాల్‌గారు అనునయంగా.

"అయితే క్లాసు రోజూ జరగాలండి. వచ్చినవాళ్ళతో కలిసి నేనూ నేర్చుకుంటాను" అంది సింధూరి. మాట ఇవ్వడానికి ఖర్చేం కాదు కనుక ఇచ్చేశారు. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కూడా కట్టించారు: 'ఇచ్చట ఎం.టెక్. తరగతులు ప్రతిరోజూ జరుగును'.

మర్నాటి నుంచి అడ్మిషన్ల ఫోను మోగడం మానేసింది. సీటు ఖాయం చేసుకున్నవాళ్ళు సైతం వేరే కాలేజీ చూసుకుంటామన్నారు. ఛైర్మన్‌గారు చెరువులో రొయ్యలు పట్టించే పని మధ్యలో వదిలేసి వచ్చి, స్వయంగా దగ్గరుండి ఫ్లెక్సీ విప్పించారు. సాయంత్రానికి ఫోను మళ్ళీ మోగింది.

సింధూరి ఇప్పటికీ కొల్లేరు దాటి రోజూ వస్తోంది. బోర్డు తుడిచి, టీచరు కుర్చీలో కాకుండా మొదటి బెంచీ మీద కూర్చుని తలుపు వైపు చూస్తుంటుంది. ఆ వరండాలోంచి వెళ్ళవలసి వస్తే నేను కూడా ఈమధ్య వెనక మెట్ల దారే పడుతున్నాను.

చివరిగా తల్లిదండ్రులకు మనవి. మా ఎం.టెక్. మీద మీరు చూపుతున్న ఆదరణకు కృతజ్ఞతలు. మొన్న మీరు చేసిన ఫోను నేనే ఎత్తాను. "పాఠం చెప్పడానికి ఒక మంచి అమ్మాయి ఉందండి, రోజూ వస్తుంది" అని చెప్పబోతుంటే మధ్యలోనే ఆపి మీరు అడిగారు, గుర్తుందా?

"అదంతా సరేనండీ... మా అబ్బాయి మాత్రం రానక్కర్లేదు కదండీ?"