పోలమ్మ నిలుపులు

ఆగడం అక్షయమైన సంపద కాదు. ప్రతి లారీకీ రిజిస్ట్రేషను నాడే ఇన్ని మలుపులు, ఇన్ని నిలుపులు అని ప్రభుత్వం కేటాయించి రోడ్డు మీదికి పంపుతుంది. అవి నిండుకున్న రోజున ఎంత తిప్పినా స్టీరింగు తిరగదు, ఎంత తొక్కినా బ్రేకు పడదు. లారీల ఊరైన సాలూరులో ఇది పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే. కనుక గౌరునాయుడి పాత లారీ ఒక ఉదయం పెట్రోలు బంకు దగ్గర ఆగవలసింది ఆగక, కొబ్బరిబొండాల బండిని మర్యాదగా ఒరుసుకుంటూ వెళ్లి ఇసుక గుట్టలో ముక్కు దూర్చినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. బొండాల మనిషి మాత్రం, “నిలుపులు అయిపోయినట్టున్నాయి నాయుడూ,” అని పరామర్శించాడు.

సూరిదేముడు మేస్త్రి శాస్త్రోక్తంగా పరీక్ష జరిపాడు. ఆ తరం బండిలో స్టీరింగుకూ బ్రేకుకూ బలమిచ్చే పంపు ఒక్కటే. దాని బెల్టు బిగువుగానే ఉంది, ఆయిలు నిండుగానే ఉంది. అయినా స్టీరింగు పట్టుకుని తిప్పబోతే బండి ముసలి ఎద్దులా మూలిగింది. బ్రేకు లైనర్లు నిక్షేపంలా ఉన్నాయి, పెడలు మాత్రం బురదలో కాలు దిగినట్టు దిగిపోయింది. గొట్టాలన్నీ తడిమి చూశాడు. ఒక్క గొట్టం చివర మాత్రం ఇంజను వెనక చెయ్యి పట్టని సందులో ఉండడం వల్ల, అది కూడా బాగానే ఉండి ఉంటుందన్న గౌరవంతో వదిలేశాడు.

“సామాన్లో దోసం నేదు నాయుడూ. సరుకే అయిపోనాది.”

“రెండూనా?”

“రెండూను. సుంకి ఘాటీలో నువ్వు తిప్పిన తిప్పుడికి మలుపులు మిగుల్తాయేటి? కనపడిన పెతి టీ కొట్టుకాడా ఆపీసినావు. నిలుపులూ అంతే.”

సోమవారం ఫిట్‌నెస్ పరీక్ష. తప్పితే లారీ తుక్కుకు పోతుంది. లారీ పోతే గౌరునాయుడికి తెలిసిన పని మరొకటి లేదు, కూర్చోవడానికి అలవాటైన చోటు కూడా మరొకటి లేదు. అయితే చట్టం నిర్దయమైనది కాదు. వాహనానికి లోటు వచ్చినప్పుడు యజమాని గాని, యజమాని కుటుంబ సభ్యులు గాని తమ సొంత మలుపులనూ నిలుపులనూ దానికి బదిలీ చేయవచ్చు.

భార్య పోలమ్మను వెంటబెట్టుకుని నాయుడు బ్రేకు ఇన్‌స్పెక్టరు ఎదుట హాజరయ్యాడు. ఇన్‌స్పెక్టరు ముందుగా నాయుడికి మీటరు తగిలించి చూశాడు. అన్న మాట మీంచి ఏనాడూ మళ్లని మనిషి కావడంతో ఆయన మలుపులు నిన్న కొట్లో కొన్నంత కొత్తగా ఉన్నాయి. నిలుపులు మాత్రం శూన్యం; మనిషికి అవి ఒకచోట నిలిచి ఉంటేనే పోగుపడతాయి. పెళ్లైన నాటి నుంచి రెండు పూటలు వరసగా ఇంటిపట్టున ఉన్నవాడు కాదు. తర్వాత పోలమ్మకు తగిలించాడు. ముల్లు చివరికంటా పోయి, ఇంకా పోవడానికి చోటు లేక వణికింది.

“ఇన్ని నిలుపులు మీకెక్కడివమ్మా?”

“గుమ్మంలోవి బాబూ. కొన్ని కుళాయికాడివి, కొన్ని రేసను కొట్టుకాడివి. ఎక్కువ గుమ్మంలోవే.”

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకుని నిబంధన వినిపించాడు. ఇచ్చినవి తిరిగి రావు. ఆయన ఇక మళ్లలేడు, ఆమె ఇక ఆగలేదు.

“వొద్దే,” అన్నాడు నాయుడు. “రేపు నానొచ్చీసరికి గుమ్మంలో ఎవులుంటారు?”

“ముప్పయ్యేళ్లు నానున్నాను గదేటి మావా. ఇకమీదట నీ లారీ ఉంటాది,” అని పోలమ్మ తన నిలుపుల కింద వేలిముద్ర వేసింది. నాయుడు తన మలుపుల కింద సంతకం పెట్టాడు.

సోమవారం లారీ దివ్యంగా తిరిగింది. గీత దగ్గర అది ఆగిన తీరు చూసి ఇన్‌స్పెక్టరంతటివాడు టోపీ తీశాడు. గుమ్మానికి భుజం ఆనించి ఎదురుచూసే మనిషిలా కాస్త ఎడమకు ఒరిగి, నెమ్మదిగా, ఎవరినీ నిందించకుండా ఆగింది.

ఇంట్లో మాత్రం నిబంధన అక్షరాలా అమలైంది. పోలమ్మ వీధి చుట్టూ తిరుగుతూనే ఉండేది. పొయ్యి మీది అన్నాన్ని ఒక చుట్టులో కలిపి, మరో చుట్టులో దించేది. ఇరుగుపొరుగు ఆమెతో విడతలవారీగా మాట్లాడడానికి అలవాటు పడ్డారు. నాయుడు గడప దాటితే తిన్నగా నడిచి రైసుమిల్లు గోడ దాకా పోయి, ఎవరైనా పుణ్యాత్ములు భుజాలు పట్టి తిప్పేదాకా గోడకేసి చూస్తూ ఉండేవాడు. ఒక సాయంత్రం అటుగా పోతూ పోలమ్మే ఆయన్ని తిప్పింది. పట్టుకున్న చెయ్యి ఆయన వదల్లేదు. ఇద్దరూ తిన్నగా, ఆగకుండా నడిచి, దారికి అడ్డంగా ఉన్న లారీ ఎక్కేశారు.

కేబిన్‌లో కూర్చోగానే పోలమ్మ కాళ్లు నిశ్చలమయ్యాయి. ఇందులో వింతేమీ లేదు. ఆమె నిలుపులు ఇప్పుడు అక్కడే ఉన్నాయి, ఆయన మలుపులూ అక్కడే ఉన్నాయి. ఆనాటి నుంచి వాళ్ల కాపురం అందులోనే. మొదటిసారి సుంకి ఘాటీ ఎక్కినప్పుడు కింద లోయలో మంచు చూడడానికి ఆమె కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగింది.

“ఇన్నేళ్లూ నువ్వు సూసింది ఇదేటి?”

“ఊఁ.”

“ఒక్కపాలైనా సెప్పనేదేం?”

“నువ్వడగనేదు.”

“అడగనానికి నువ్వాగితే గదా మావా.”

నాయుడు రోడ్డు పక్కకు తీసి బండి ఆపాడు. అక్కడ టీ కొట్టు లేదు.

కొన్నాళ్లకు ఇంజను దించవలసి వచ్చింది. సూరిదేముడు మేస్త్రి చాలాసేపు లోపలికి తొంగి చూసి, కేబిన్ కిటికీ దగ్గరికి వచ్చి, నాయుడి చెవిలో ఏదో చెప్పి తల దించుకున్నాడు.

“ఏటంట?” అంది పోలమ్మ.

మలుపులు లేని మనిషి మాట తిప్పలేడు. “ఆ గొట్టం సివర రబ్బరు వాసరు నేదంట. గాలి లాగీసినాదంట. మొదట్నుంచీ అదేనంట.”

“ఎంతుంటాదది?”

మేస్త్రి చిటికెనవేలి గోరు చూపించాడు.

పోలమ్మ ఆ గోరుకేసి చూసింది. అక్కడి నుంచి దూరాన ఘాటీకేసి చూసింది. “ఏసీమను మరి. పొద్దుగూకకుండా ఎక్కాల,” అంది.

మేస్త్రి వాషరు వేశాడు. అలాంటివి అతని షెడ్డులో డాల్డా డబ్బా నిండా ఉన్నాయి.